టీచరుగారు పడ్డ చోటు

పాలవాడు పోసి వెళ్ళిన పాలని నేను నా గ్లాసుతో మళ్ళీ కొలుస్తాను. గ్యాసు బండ వస్తే, తెచ్చినవాడు గుమ్మం దిగకముందే సీలు చూస్తాను. మావారు మస్కట్ నుంచి ఫోన్ చేసి "బాగానే ఉన్నానే" అంటే, ఆ 'బాగానే' దగ్గర గొంతు ఏమైనా తగ్గిందా అని వెతుకుతాను. మా అమ్మ ఉన్న రోజుల్లో, "నువ్వు పుట్టగానే ఏడవలేదే, మంత్రసాని వంక అనుమానంగా చూశావు" అని నవ్వేది. నవ్వనీ. మగమనిషి ఏడాదికోసారి చుట్టంలా వచ్చిపోయే ఇంట్లో, అనుమానం లేకుండా ఒక్కర్తెనైనా బతకమనండి చూద్దాం.

అలాంటి నేను ఒక్క విషయంలో మాత్రం ఏ అనుమానమూ పెట్టుకోలేదు. అది మా పెరటి దడిలో ఉన్న సందు.

మా ఇల్లు పి.గన్నవరం దాటాక అమలాపురం వెళ్ళే వైపు, కాలవగట్టు దిగువన ఉంటుంది. మాకూ పక్కింటి టీచరుగారికీ మధ్య కొబ్బరాకు తడికలతో కట్టిన దడి. దాని మధ్యలో, మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు. అది ఎవరు తీశారో నాకు తెలియదు. మేం స్థలం కొన్న నాటికే ఉంది. దడి పాతబడి కొత్తది కట్టించినప్పుడల్లా పనివాళ్ళు నన్ను అడక్కుండానే ఆ సందు వదిలేసి కట్టేవారు. మా వైపు దాదాపు ప్రతి దడికీ ఇలాంటిదొకటి ఉంటుంది. వీధి గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకి కాఫీ ఇవ్వాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, కుర్చీ వెయ్యాలి. దడిలోంచి వచ్చేవాళ్ళకి అవేం అక్కర్లేదు.

టీచరుగారు ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయ్యారు. భర్త పోయి చాలా కాలమైంది. కూతుర్ని కాకినాడ ఇచ్చారు. ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. రోజూ పొద్దున్నే మాత్రం మా పెరట్లోనే కనపడేవారు. వాళ్ళ బోరు నీళ్ళు ఉప్పన, మా బోరు నీళ్ళు తియ్యన. స్టీలు బిందె చంకనెట్టుకుని, దడిలోంచి పక్కకి తిరిగి వచ్చి, మేం బట్టలుతుక్కునే సిమెంటు చప్టా మీద నిలబడి కుళాయి తిప్పుకునేవారు. బిందె నిండేలోపు, "అమ్మాయ్, లేచేవా? నీ మొగుడు ఫోన్ చేసేడా?" అని అక్కణ్ణుంచే పలకరించేవారు. మావారు మొదటిసారి విమానం ఎక్కిన రోజు నాకు ఏడుపు ఆగకపోతే, నా తల మీద చెయ్యి పెట్టి వాళ్ళ దేవుడికి ప్రార్థన చేశారు. నేను మా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇద్దరిలో ఎవరు విన్నారో గానీ మనిషి క్షేమంగా చేరాడు.

ఇక ఇన్సూరెన్సు సంగతి. ఇంటికి బ్యాంకు లోను తీసుకున్నప్పుడు మా మరిది పాలసీ చేయించాడు. సొంత మరిది కాదు, మావారి పినతండ్రి కొడుకు. అమలాపురంలో ఇన్సూరెన్సు ఏజెంటు. "నిప్పుకీ తుఫానుకీ దొంగతనానికీ వేయించేనండి వదినగారూ. ఇంకో సెక్షను కూడా కలిపేను. మన ఇంట్లో బయటివాళ్ళకి దెబ్బ తగిలినా కంపెనీ చూసుకుద్ది," అన్నాడు. నేను అతని మొహం వంక చూశాను. మా ఇంట్లో ఎవరో పడితే ఎక్కడో బొంబాయిలో ఉన్న కంపెనీకి ఏం నొప్పి? కమీషను కోసం నాలుగు ముక్కలు ఎక్కువ అంటగట్టాడని మనసులో అనుకుని సంతకం పెట్టాను.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ఎండ మొహం చూపించకపోవడంతో చప్టా అంతా పచ్చగా పాచి కట్టేసింది. బ్లీచింగు పౌడరు వేసి గీకించాలని అనుకుంటూనే ఉన్నాను, పని మనిషేమో జ్వరమని రావడం మానేసింది. నేనైతే గట్టు పట్టుకుని అంచు మీదే నడిచేదాన్ని.

ఒకరోజు పొద్దున్న స్టవ్ మీద పాలు పెడుతుంటే పెరట్లో బిందె దొర్లిన చప్పుడైంది. బిందె చప్పుడు నాకు అలవాటే. దాని వెనకాల టీచరుగారి గొంతు వినపడకపోవడం కొత్త. స్టవ్ కట్టేసి పరిగెత్తాను. ఆవిడ చప్టా మీద ఓ పక్కకి ఒరిగి పడి ఉన్నారు. మొహం తెల్లగా పాలిపోయింది. కుడికాలు ఉండాల్సినట్టు లేదు, బయటికి తిరిగిపోయి ఉంది. 

"కంగారు పడకే అమ్మాయ్," అన్నారు పళ్ళు బిగించుకుని. "ముందు ఆ కుళాయి కట్టెయ్. నీళ్ళు పోతన్నాయి."

నా కేకలకి ఎదురింటాయన వచ్చాడు. ఆయన మా వీధి చివరి ఆటో అబ్బాయిని పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి నవారు మంచం మీదకి ఎక్కించి, మా వీధి గుమ్మంలోంచి ఆటో దాకా మోశారు. "నేనూ వస్తాను" అని నేను చెప్పులు వెతుక్కుంటుంటే, "ఇల్లు బార్లా తెరిచి పెట్టి ఎక్కడికొస్తావే? తాళం వేసుకుని నెమ్మదిగా రా," అన్నారు టీచరుగారు. ఆటో కదలబోతుండగా ఆవిడ ఆ ఇద్దర్నీ దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి ఏదో చెప్పారు. ఇద్దరూ తలూపారు. ఎదురింటాయన నా వంక ఓసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు నాకు గుర్తుండిపోయింది.

తాళంకప్ప చేతిలో పట్టుకుని మరిదికి ఫోన్ చేశాను. అమలాపురంలోనే ఉంటాడు కదా, నాకంటే ముందు ఆస్పత్రికి వెళ్ళి నిలబడతాడని.

అంతా విని, "వదినగారూ, మీరు ఆగండి. మీరెళ్ళకండి," అన్నాడు.

"అదేం మాటయ్యా? నా పెరట్లో పడ్డేరు ఆవిడ."

"అందుకే చెప్తన్నానండి. పడింది మన చప్టా మీద. మీరెళ్ళి 'అయ్యో, మా పాచి వల్లే' అన్నారనుకోండి, తప్పు ఒప్పేసుకున్నట్టే. బత్తాయిలు పట్టుకెళ్ళినా, ఖర్చులకని చేతిలో ఏమన్నా పెట్టినా అంతేనండి. ముందే అలా ఒప్పేసుకుంటే కంపెనీ మెలిక పెడద్ది. వాళ్ళ వైపు నుంచి కాయితం రానివ్వండి. వస్తే నాకు పంపండి, ఆపైన కంపెనీ చూసుకుద్ది."

"కాయితమేంటి?"

"నోటీసండి. లాయరు నోటీసు."

ఆ ముక్క విన్నాక మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు. తాళంకప్ప తీసి మళ్ళీ మేకుకి తగిలించాను.

సాయంత్రం మావారు ఫోన్ చేస్తే చెప్పాను. "టీచరుగారు అలాంటి మనిషి కాదే," అన్నారు. "ఆవిడ కాదండీ. అల్లుడున్నాడు గదా కాకినాడలో?" అన్నాను.  ఆయన, "తమ్ముడు చెప్పినట్టు చెయ్యి. ఆ ఇల్లు పోతే మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు," అన్నారు.  ఎండలో కరెంటు పని చేసి చేసి కట్టిన ఇల్లు. నా చప్టా మీద పాచికి పోతుందా ఇది?

అక్కణ్ణుంచి నాకు ప్రతీదీ అనుమానమే. ఆటో ఎక్కేటప్పుడు ఆవిడ ఆ ఇద్దరికీ ఏం చెప్పారు? 'మీరే సాక్ష్యం, చూశారుగా పాచి' అన్నారా? లేకపోతే ఎదురింటాయన నా వంక అలా ఎందుకు చూస్తాడు? ఆ ఆటో అబ్బాయి నా ముందు నుంచి వెళ్తూ హారను కొట్టడం ఎందుకు మానేశాడు? బిందె ఇంకా చప్టా పక్కనే పడి ఉంది, ఓ పక్క సొట్టపోయి. తీసి ఇచ్చేద్దామనుకున్నాను. మళ్ళీ, ముట్టుకుంటే ఏమవుతుందో, పోలీసులు వేలిముద్రలు చూస్తారేమో అనిపించి దాని మీద గోనెసంచి కప్పాను. పాచి గీకిద్దామంటే, ఇప్పుడు గీకిస్తే తప్పు కప్పిపుచ్చుకున్నట్టు అవుతుంది. గీకించకపోతే ఇంకోడు పడతాడు. నా చప్టా మీదకి నేనే వెళ్ళకుండా బట్టలు బాత్రూంలో ఉతుక్కున్నాను.

మూడో నాడో నాలుగో నాడో కాకినాడ అల్లుడు కనపడ్డాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. దడి దగ్గర నిలబడి, సందులోంచి చెయ్యి ఇవతలికి పెట్టి, ఫోనుతో మా చప్టాని ఫోటో తీశాడు. ఒకటి కాదు. ఇటు నుంచి ఓటి, అటు నుంచి ఓటి. తర్వాత వంగి, చప్టా దిగువన మట్టిలో దేనికోసమో చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికి వెళ్ళి "ఏంటయ్యా నీ ఫోటోలు" అని అడిగేద్దామనుకున్నాను. మరిది మాట గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. మధ్యాహ్నం మనిషిని పిలిచి ఆ సందుకి అడ్డంగా కొత్త తడిక పెట్టించి, ఇనప తీగతో బిగించి కట్టించాను. కట్టేవాడు, "ఇది మూసేస్తారాండీ?" అని నా మొహం చూశాడు. "ఆయ్, మూసెయ్," అన్నాను.

మా వైపు మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి వెళ్ళకపోవడం చిన్న విషయం కాదు. పెళ్ళికి వెళ్ళకపోయినా పోనీలే అంటారు, పలకరింపుకి వెళ్ళకపోతే మాత్రం ఊరుకోరు. కిరాణా కొట్టావిడ బియ్యం తూస్తూ, "టీచరుగారిని చూసొచ్చేరా?" అంది. "వెళ్ళాలండీ, మా మరిది వెళ్ళాడు," అని అబద్ధమాడేశాను. ఆవిడ కాటా వంక చూస్తూనే, "తుంటి ఎముక విరిగిందంట. ప్లేటు వేసి మరలు బిగించడం ఓ పద్ధతంట. కీలు మొత్తం కొత్తది వేస్తే మునపట్లా నడుస్తారంట గానీ, అది పెన్షనుతో ఇచ్చే ఆ హెల్త్ కార్డు మీద అవదంట. అల్లుడుగారు ఎక్కడెక్కడో అడుగుతున్నారంట పాపం," అంది.

ఇదంతా నాకెందుకు చెప్తోంది? నా చేత ఇప్పించాలని ఎవరైనా చెప్పించారా? సంచి తీసుకుని వచ్చేశాను. దార్లో ఇంకోటి తట్టింది. ఇన్నాళ్ళలో నన్ను ఎవరూ 'ఆవిడ ఎక్కడ పడ్డారు' అని అడగలేదు. సంత లాంటి ఊరు, కోడి కూర వండితే ఎవరింటి కోడి అని అడిగే ఊరు. ఈ ఒక్క మాట ఎందుకు అడగదు? అందరికీ చెప్పేసి ఉంటారు. నా వెనకాల అనుకుంటూ ఉంటారు.

చివరికి ప్లేటే వేశారు. క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజుల్లో టీచరుగారు ఇంటికి వచ్చారు. ఆటో దిగడం కిటికీలోంచి చూశాను. వాకరు పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ, గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, మళ్ళీ ఈడ్చుకుంటూ. స్కూలు ప్రేయరుకి గంట కొట్టకముందే గేటు దగ్గర ఉండే మనిషి.  కిటికీ రెక్క వేసేశాను.

తర్వాత రోజుల్లో ఊరంతా మా ఇంటి ముందు నుంచే ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళింది. బ్రెడ్డు పొట్లాలు, బత్తాయిలు, బొండాలు. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడి వెళ్ళారు. నా గుమ్మం దాటేటప్పుడు మాటలు ఆపేసేవారు, లేదా ఆపేసినట్టు నాకు అనిపించేది. వారం తిరక్కుండానే నీళ్ళ టిన్నుల ఆటో ఆ గుమ్మం ముందు ఆగడం మొదలెట్టింది. మా కుళాయి అక్కడికి పదడుగుల్లో ఉంది. మా నీళ్ళు తాగి తియ్యగా ఉన్నాయన్న మనిషి, ప్లాస్టిక్ టిన్ను కొనుక్కుంటోంది. బాధ వేసింది. అంతలోనే, 'ఇది కూడా నాకు చూపించడానికేనేమో' అనిపించింది. అదండీ నా బుర్ర.

నోటీసు మాత్రం రాలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, తలుపు చాటుకి వెళ్ళి నిలబడేదాన్ని. సంక్రాంతి వెళ్ళింది, మామిళ్ళు పూతకొచ్చాయి. ఎంత పెద్దది తయారుచేస్తున్నారో, అందుకే ఇంత ఆలస్యం అనుకున్నాను.

ఎండలు ముదిరాక మా మరిది పాలసీ రెన్యువల్ అంటూ వచ్చాడు. మజ్జిగ తాగుతూ మామూలుగా, "ఆ టీచరుగారి కాయితం ఇంకా రాలేదాండి?" అన్నాడు.

"రాలేదు. దేవుడి దయ."

"దయేంటండీ? వస్తే బాగుండేది గదా. పాపం ఆవిడకి ఆపరేషన్ డబ్బులొచ్చేవి. కంపెనీయే ఇచ్చేది."

గ్లాసు కడుగుతున్నదాన్ని ఆగిపోయాను. "ఎవరికి?"

"ఆవిడకేనండి. మరి ఆ సెక్షను ఉన్నదే అందుకు గదా. మన పాచి వల్ల ఆవిడ పడ్డారని తేలితే, మన బదులు కంపెనీ ఆవిడకి కడద్ది. మన ఇంటికేం కాదు, మీ జేబులోంచి రూపాయి పోదు. మీరు ముందే ఒప్పేసుకుంటే మెలిక పెడతారని ఆగమన్నాను గానీ, అడగొద్దని చెప్పలేదే నేను? ఆ రోజు ఫోన్లోనూ చెప్పేను, కంపెనీ చూసుకుద్దని."

నేను వెంటనే అతని మీదా అనుమానపడ్డాను. ఆ సెక్షనుకి నిజంగా డబ్బు కట్టాడా అని పాలసీ తెప్పించి, అతని వేలు పెట్టి చూపించమన్నాను. ఉంది. ఒక్కో మాటా చదివించుకున్నాను. ఇన్నాళ్ళూ ఆవిడ నా ఇల్లు లాగేసుకుంటారని కిటికీ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ కాలికి కావలసింది నా బీరువాలో, చీరల కింద ఉంది.

"ఇప్పటికైనా మించిపోలేదంటావా?" అన్నాను.

"ఆలస్యమైంది. అయినా అడిగి చూద్దారండి. ఆవిడ రాసివ్వాలి, మీ చప్టా మీద పడ్డానని. కీలు మార్చే ఆపరేషన్ ఇప్పుడు చేయించుకున్నా సరేనంటారేమో కనుక్కుంటాను."

అతన్ని పంపించి, ఆ గోనెసంచి తీసి, బిందె తోమి, చేత్తో పట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. వీధి గుమ్మంలోంచి. దడిలో దారి నేనే మూయించాను కదా.

ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, పక్కన వాకరు. సెలవుకి వచ్చిన అల్లుడు పేపరు చదువుతున్నాడు.

"రండి. కూర్చోండి," అన్నారు టీచరుగారు.

ఆ 'రండి' ఎవరినా అని నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనకాల ఎవరూ లేరు.

కూర్చోలేదు. బిందె కింద పెట్టి, కూడబలుక్కుని వచ్చినదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. "టీచరుగారూ, మీరు మా చప్టా మీద పడ్డేరు. పాచి గీకించకపోవడం మాదే తప్పు. ఇంటికి ఇన్సూరెన్సు ఉందండి. మీరో కాయితం రాసిస్తే కంపెనీ వాళ్ళు మీకు డబ్బిస్తారంట. ఆ రెండో ఆపరేషన్ చేయించుకోవచ్చు. మాకేం ఇబ్బంది లేదంట. మా మరిది చెప్పేడు."

 అల్లుడు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎక్కడ పడ్డేరన్నారండీ?"

"మా చప్టా మీదండి. మీరు ఫోటోలు కూడా తీసేరు గదా."

అతను అత్తగారి వైపు తిరిగాడు. "చూసేరా అత్తయ్యగారూ? నేనప్పుడే అన్నానండి. చీరకి పచ్చగా అంటుకుంటే, మన బాత్రూంలో పాచెక్కడిదండీ అని. ఫోటో తీసి చూపిస్తే, నోరు మూసుకోమన్నారు నన్ను."

"బాత్రూమేంటండీ?" అన్నాను.

"ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగితే, మా ఇంట్లో బాత్రూంలో జారిపడ్డానండి అని చెప్పేరు. అదే రాసుకున్నారు, కార్డు వాళ్ళకీ అదే వెళ్ళింది. తీసుకెళ్ళినోళ్ళ చేతా అదే చెప్పించేరు. ఊరంతటికీ అదే. ఇంట్లో అల్లుణ్ణి, నాకూ అదే."

ఆటో కదలబోతుండగా ఆవిడ ఆ ఇద్దరి చెవిలో చెప్పిన మాట అదన్నమాట. ఊళ్ళో ఎవరూ నన్ను అడగకపోవడం కూడా అందుకే.

"ఎందుకండీ?" అన్నాను. 

టీచరుగారు వాకరు పిడిని చేత్తో తుడుస్తూ చెప్పారు. "ఇంకోళ్ళింట్లో పడ్డానంటే ఆస్పత్రివాళ్ళు పోలీసులకి రాస్తారంట. మగమనిషి లేని ఇల్లు. ఖాకీ బట్టలోళ్ళు వచ్చి మీ గుమ్మంలో నిలబడితే, వాళ్ళు వెళ్ళిపోయినా ఆ మాట పోదు. మీ ఆయన అంత దూరంలో ఉండి ఏం చేస్తాడు? అందుకని."

నాకు తల తీసి మొలేసినట్టయింది. అక్కడే నిలబడి మరిదికి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. అతను అంతా విని నిట్టూర్చాడు.

"ఇక లాభం లేదండి వదినగారూ. ఆస్పత్రి కాయితంలో బాత్రూమని ఉంటే, ఇప్పుడు చప్టా అంటే కంపెనీ నమ్మదు. ఇరుగూ పొరుగూ కలిసి కథ అల్లుకున్నారంటారు. పైగా కార్డు వాళ్ళు, మాకు అబద్ధం చెప్పి ఆపరేషన్ చేయించుకున్నారా అని ఆవిడ మీదకి వస్తారు. కదపకండి. వదిలెయ్యండి."

నాకంటే అనుమానపు మనిషిని నేను ఎక్కడా చూడలేదనుకునేదాన్ని. ఈ కంపెనీ నన్ను మించిపోయింది. దాని ముందు, ఉన్నదున్నట్టు నేను మొదటిసారి చెప్పిన నిజం అబద్ధమైపోయింది.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆవిడ మీదే. ఎవరు చెప్పమన్నారండీ ఆ అబద్ధం? నన్నో మాట అడగొచ్చు కదా? పోలీసులు వస్తే వచ్చేవాళ్ళు, టీ తాగి వెళ్ళేవాళ్ళు. మీరు ఈపాటికి నడుస్తూ ఉండేవారు. ఇదంతా పైకి అనేద్దామని నోరు తెరిచాను. కానీ నన్ను ఓ మాట అడగడానికి ఆవిడకి నేను కనపడింది ఎప్పుడు?

ఆవిడే అన్నారు. "ఆ రోజు తాళం వేసుకుని వస్తావనుకుని గుమ్మం వంకే చూసేను. ఆపరేషన్‌కి తీసికెళ్ళేటప్పుడూ చూసేను. భయపడుంటుందిలే, పిచ్చిది, అనుకున్నాను." వాకరు దగ్గరికి లాక్కున్నారు. "ఇంటికొచ్చేక దడి చూసేను."

 నేను గుమ్మం వైపు తిరిగాను. వచ్చేస్తుంటే, "ఎండగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళండి," అన్నారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఎండ ఎంతుంటుంది.

ఇంటికి వచ్చి, కత్తిపీట పక్కన పడున్న పటకారుతో ఆ ఇనప తీగని మెలితిప్పి మెలితిప్పి నేనే తెంపాను. చెయ్యి గీరుకుపోయింది. తడిక లాగేశాను. తర్వాత ఆలోచిస్తే ఆ సందులో వాకరు పట్టదు. మర్నాడు మనిషిని పిలిచి పక్క తడిక కూడా తీయించి, దారి వెడల్పు చేయించి, చప్టా గీకించి, గరుకుగా సిమెంటు పోయించి, పట్టుకోవడానికి పైపు పాతించాను. టీచరుగారు వరండాలోంచి చూసి, "ఎందుకండీ ఇంత శ్రమ," అన్నారు. ఆ దారిలోంచి ఆవిడ ఇంతవరకూ ఇటు రాలేదు.

నేనే వెళ్తున్నాను. రోజూ పొద్దున్నే ఆ సొట్ట బిందె నింపుకుని, దడిలోంచి దాటి, వాళ్ళ వరండా గట్టు మీద పెడుతున్నాను. "అక్కడ పెట్టండి," అంటారు. సాయంత్రం వెళ్ళేసరికి బిందె ఖాళీగా, బోర్లించి ఉంటుంది. ఆ నీళ్ళు ఆవిడ తాగుతున్నారో, గుమ్మంలో మందార మొక్కకి పోస్తున్నారో నాకు తెలియదు. మందార అయితే ఈ మధ్య బాగా పూస్తోంది. అడుగుదామని నోటిదాకా వస్తుంది, అడగలేను. టిన్నుల ఆటో మాత్రం మానలేదు. నిన్న కూడా ఆవిడ గుమ్మం ముందు ఆగింది.